వైద్యుడు వచ్చులోపల



ఒక గ్రామము ఇరువదియైదు సంవత్సరములపాటు తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. 1914వ సంవత్సరమున విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిన నాటినుండియు ఈ ఉద్యమము పుస్తకములను బీరువాలలో భద్రపరచుటతోనే తృప్తి పడలేదు. చదువురానివారికి చదివి వినిపించుట, రాత్రి పాఠశాలలు నడుపుట, బ్రతుకునకు పనికివచ్చు సంగతులను గడపగడపకు చేర్చుట గ్రంథాలయముల ధర్మమని పెద్దలు భావించిరి. నేటి ఉపన్యాస విషయము ఆ కోవకు చెందినదే. ఆకస్మికముగా ప్రాణాపాయము సంభవించినప్పుడు, వైద్యుడు వచ్చులోపల చెంతనున్నవారు ఏమి గుర్తింపవలెను, ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునది ఆ విషయము.

ఒక దృశ్యమును ఊహించుకొనుడు. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఏబదియైదేండ్ల రైతు పొలమునకు నీరు పెట్టుటకై లేచెను. రొమ్ముమీద బండరాయి పెట్టినట్లు బరువుగా నుండెను. చెమట పట్టెను. గ్యాసు పట్టినది కాబోలునని ఇల్లాలు సోడా తెప్పించెను. అన్నగారు వాము నమిలించెను. తెల్లవారిన పిదప ఊరి వైద్యుని పిలుతమని పొరుగువారు ధైర్యము చెప్పిరి. ఆరు గంటలకు ఆయన వచ్చి సూది వేసెను. బాధ తగ్గలేదు. ఎనిమిది గంటలకు కారు కుదిరెను. పట్టణము చేరులోపల ఆ రైతు కన్నుమూసెను. ఆయుర్దాయము తీరినదని అందరును అనిరి. నాలుగు గంటలనుండి ఎనిమిది గంటలవరకు గడచిన కాలమును మాత్రము ఎవరును లెక్కింపలేదు.

ఈ దృశ్యమున దుర్మార్గులెవరును లేరు. ప్రతివారును ఆప్యాయతతోనే మెలగిరి. ఆపదను ఆపదగా గుర్తింపలేకపోయిరి, అంతే. పల్లెలలో కాలము మూడుచోట్ల జారిపోవుచున్నది. ఇది పెద్ద జబ్బా, చిన్న నలతయా అను సందేహములో కొంత. తెలియక చేయు చికిత్సలో కొంత. ఎవరు తీసికొనిపోవలెను, ఎక్కడికి పోవలెను అను తర్జనభర్జనలో కొంత. ఈ మూడింటిని తగ్గించుటకు వైద్య విద్య అవసరము లేదు. కొన్ని గుర్తులు కంఠస్థమై యుండినచో చాలును.

మొదట గుండెపోటు సంగతి. గుండె శరీరమున కంతటికి రక్తమును పంపుచున్నను, దాని కండరమునకు సైతము రక్తము కావలెను. ఆ రక్తమును తెచ్చు సన్నని నాళములలో కొవ్వు పేరుకొని, ఆ పేరుకొన్న పొర ఒకనాడు చిట్లి, అచట రక్తము గడ్డకట్టి దారి మూసుకొనిపోవును. ఆ క్షణమునుండి గుండె కండరము కొంచెము కొంచెముగా చచ్చుచుండును. రొమ్ము నడుమ బరువు లేక బిగింపు, అది ఎడమచేతికి, దవడకు, మెడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, వాంతి వచ్చునట్లుండుట దీని గుర్తులు. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహ రోగులలోను నొప్పి స్పష్టముగా లేకయే ఆయాసము, నీరసము, పై కడుపులో మంట మాత్రమే కనిపింపవచ్చును. కనుకనే దీనిని గ్యాసని భ్రమించుట సులభమగుచున్నది. చెమటతో కూడిన రొమ్ము బరువు పది పదునైదు నిమిషములు తగ్గకున్నచో అది గుండెపోటేయని తలచి కదలవలెను. పిదప అది గ్యాసేయని తేలినచో నష్టమేమియు లేదు.

అట్టి వానిని నడిపింపరాదు, మెట్లెక్కింపరాదు, మోటారు సైకిలు తోలుకొని పొమ్మనరాదు. వీపునకు ఆనుడు పెట్టి కూర్చుండబెట్టవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండుండి రక్తము పోవువారు తప్ప తక్కినవారు సుమారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రను నమిలి మ్రింగుట మంచిది. ఇంటిలో ఆ మాత్ర లేకున్నచో దానికొరకు వెదకుచు ప్రయాణమును ఆపరాదు. గడ్డను కరగించు మందుగాని, నాళమును తెరచు చికిత్సగాని తొలి గంటలోనే మిక్కిలి ఎక్కువ మేలు చేయును. గంటలు గడచినకొలది ఆ మేలు తరుగును. ఇ.సి.జి. యంత్రము లేని చోట సూది వేయించుకొని విశ్రాంతి తీసికొనుట ఆ మేలును చేజేతుల పోగొట్టుకొనుటయే.

రెండవది పక్షవాతము. దీనిని గాలి సోకుటయని పల్లెలలో ఇప్పటికిని అనుచుందురు. తైలము మర్దించుట, పావురము రక్తము పూయుట, నాటుమందునకై దూరగ్రామములకు ప్రయాణము కట్టుట కొన్నిచోట్ల నేటికిని కనిపించుచున్నవి. నిజమునకు ఈ జబ్బు కాలిలోను చేతిలోను లేదు. తలలోనున్నది. మెదడునకు పోవు నాళము మూసుకొనుటగాని, చిట్లుటగాని దీనికి కారణము. పెద్ద నాళము మూసుకొనిన వానిలో చికిత్స జరుగని ప్రతి నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి.

దీనిని గుర్తించుటకు మూడు పరీక్షలు చాలును. నవ్వుమని చెప్పవలెను. మూతి ఒక వైపునకు వంకరపోవుచున్నదా? రెండు చేతులను ఎత్తి నిలుపుమని చెప్పవలెను. ఒక చేయి క్రిందికి జారుచున్నదా? ఊరి పేరో, బిడ్డ పేరో చెప్పుమని అడుగవలెను. మాట ముద్దగానో తడబడుచునో వచ్చుచున్నదా? ఈ మూటిలో ఒక్కటి హఠాత్తుగా కనిపించినను ఆలస్యము చేయరాదు. అకస్మాత్తుగా చూపు పోవుట, నడకలో తూలుట కూడ దీని గుర్తులే. రోగి చివరిసారి బాగుగానున్నది ఎన్ని గంటలకో జ్ఞాపకముంచుకొనవలెను. ఆస్పత్రిలో మొదట అడుగబడు ప్రశ్న అదియే. గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలసియుండుటయే దానికి కారణము.

ఇచట ఒక హెచ్చరిక. గుండెపోటునకు చెప్పిన ఆస్పిరిన్‌ను పక్షవాతమునకు ఇంటివద్ద ఈయరాదు. నాళము మూసుకొన్నదో, చిట్లినదో తలకు సి.టి. స్కాను తీసినగాని తెలియదు. చిట్లినదైనచో ఆ మాత్ర రక్తస్రావమును పెంచును. నీరు, కాఫీ, అన్నము కూడ ఈయరాదు. మ్రింగు శక్తి తప్పిన వానికి అవి ఊపిరితిత్తులలోనికి పోవును. కొందరికి పావుగంటలో మూతి తిన్ననై, చేయి లేచి, అంతయు సర్దుకొనినట్లుండును. అది రానున్న పెద్ద పోటునకు ముందస్తు హెచ్చరిక. వారిని కూడ ఆనాడే ఆస్పత్రికి చేర్చవలెను.

మూడవది పాముకాటు. సేద్యము చేయు ఊరికి ఇంతకంటె దగ్గరి ఆపద మరియొకటి లేదు. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58 వేలమంది, మరణించియుందురని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టినది. వారిలో అత్యధికులు పల్లెలవారు. సుమారు సగముమంది జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానకాలమున చనిపోయినవారు. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనను లక్ష్యముతో భారత ప్రభుత్వము 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

మంత్రమువలన బ్రతికినవారు ఊరూర గలరు గదా యని పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. పాములలో ఎక్కువ జాతులకు ప్రాణము తీయు విషము లేదు. విషసర్పములు సైతము ఒక్కొక్కప్పుడు విషమును విడువకయే కరచును. అట్టి కాట్లకు మంత్రము వేసినను, వేయకున్నను మనిషి బ్రతుకును. ఆ కీర్తి మంత్రమునకు దక్కును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటిలో ఒకటి విషమెక్కించినప్పుడు మాత్రము దానికి విరుగుడు ఒక్కటే. గుఱ్ఱముల రక్తమునుండి తయారుచేసి, ఆ నాలుగు విషములకును పనిచేయునట్లు కూర్చిన సూదిమందు అది. మంత్రగాడు సహితము తన వద్దకు వచ్చినవానిని తక్షణమే ఆస్పత్రికి పంపినచో అతడును ప్రాణదాతయే యగును.

కాటుపడిన వానిని పరుగెత్తనీయరాదు. కరచిన కాలినిగాని చేతినిగాని ఒక కఱ్ఱబద్దను ఆనించి, వదులుగా గుడ్డ చుట్టి, కదలకుండ నుంచవలెను. ఉంగరములు, గాజులు, మెట్టెలు వెంటనే తీసివేయవలెను. వాపు వచ్చిన పిదప అవి రావు. త్రాటితో బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట తగదు. బిగువు కట్టు క్రింద రక్తప్రసారము నిలిచి కాలు కుళ్ళిపోవచ్చును. రక్తపింజర కాటు పడిన వానికి కోసిన గాటునుండి రక్తము ఆగక కారవచ్చును. పామును చంపి తెచ్చుటకై కాలయాపన చేయరాదు. ఆస్పత్రిలో వైద్యుడు కొంచెము రక్తమును శుభ్రమైన గాజు గొట్టములో 20 నిమిషములు కదల్పక నుంచి, గడ్డకట్టినదో లేదో చూచి, పింజర జాతి విషమును తెలిసికొనగలడు. కనుక పాము కళేబరముతో పనిలేదు.

కట్లపామును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. అది రాత్రివేళ నేలమీద పరుండినవారిని కరచును. కాటు చీమ కుట్టినంతగానైనను తెలియకపోవచ్చును. గాటు కూడ కనిపింపకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, తరువాత కనురెప్పలు వాలుట, మాట ముద్దగుట, గ్రుక్క దిగకుండుట, చివరకు ఊపిరి నిలుచుట దాని క్రమము. నేలపై నిదురించిన బిడ్డ కడుపునొప్పితో లేచి రెప్పలు ఎత్తలేకున్నచో అజీర్తియని ఉపేక్షింపరాదు. మంచముమీద పరుండుట, దోమతెరను పరుపు క్రిందికి దోపుట, రాత్రి బయటికి పోవునప్పుడు దీపము పట్టుకొనుట ఈ ఆపదనుండి కాపాడును.

నాలుగవది గుండె ఆగిపోవుట. మోటారువద్ద కరెంటు తగిలినవాడు, చెరువులో మునిగినవాడు, గుండెపోటుతో కూలినవాడు పలుకక, ఊపిరి తీయక, లేక ఎగశ్వాస మాత్రము విడుచుచు పడియున్నచో కొలది నిమిషములలోనే మెదడు చెడును. అంబులెన్సు ఎంత వేగముగా వచ్చినను ఆ నిమిషములు దానికి అందవు. చెంతనున్నవారి చేతులే దిక్కు. 1960లో అమెరికాయందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన కౌవెన్‌హోవెన్, జ్యూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ఈ పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. ఏ పరికరమును లేకయే, రొమ్మును పైనుండి అదుముట ద్వారా ఆగిన గుండెలోని రక్తమును మెదడునకు పంపవచ్చునని వారు నిరూపించిరి. వారిలో కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు.

విధానమిది. మనిషిని గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. రొమ్ము నడిమి ఎముకపై ఒక అరచేతి మడమ నుంచి, దానిమీద రెండవ చేతిని వేసి, మోచేతులు వంచక, పెద్దవారికి ఐదు సెంటీమీటర్లు లోతు దిగునట్లు అదిమి విడువవలెను. నిమిషమునకు 100 నుండి 120 సార్లు అట్లు చేయవలెను. ఒకరు అలసినచో మరియొకరు అందుకొనవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు. నీట మునిగిన వానికి మొదట ఊపిరి కావలెను. కనుక ముక్కు మూసి నోటిలో నోరుంచి ఊపిరి ఊది, పిదప అదుముట మొదలిడవలెను. ప్రతి 30 అదుములకు రెండు ఊపిరులు లెక్క. మునిగిన వానిని తలక్రిందులుగా త్రిప్పుట, కడుపుమీద నొక్కుట వలన ప్రయోజనము లేదు, కాలము మాత్రము పోవును. కరెంటు తగిలిన వానిని ముట్టుకొనుటకు ముందు మెయిన్ స్విచ్చి తీసివేయవలెను. ఆ జాగ్రత్త లేక రక్షింపబోయినవాడు కూడ బలియగుట పొలములలో పలుమారు జరుగుచున్నది.

మరి మూడు ఆపదలను సంగ్రహముగా చెప్పుకొనవలెను. మూర్ఛ వచ్చిన వాని చేతిలో తాళపుచెవులు పెట్టుట వాడుక. ఇనుమువలన మూర్ఛ తగ్గదు. చాలమందికి అది రెండు మూడు నిమిషములలో తనంతట తానే తగ్గును. పండ్ల నడుమ చెంచా దూర్చరాదు, కాలుసేతులను అదిమిపట్టరాదు. చుట్టునున్న రాళ్ళను తొలగించి, మూర్ఛ తగ్గగనే ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. ఐదు నిమిషములు దాటినను, వెంటవెంటనే తిరిగి వచ్చినను, గర్భవతికి వచ్చినను, మొదటిసారి వచ్చినను ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

పురుగుమందు లోపలికి పోయిన వానికి పేడనీరు, ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు. ఆ వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి మరియొక అపాయము తెచ్చును. తడిసిన బట్టలను విప్పి, ఒంటిని సబ్బునీటితో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి చేర్చవలెను. డబ్బాపైనున్న పేరును చూచియే వైద్యుడు విరుగుడు నిర్ణయించును. కొన్ని కలుపుమందులు మొదటిరోజు ఏమియు కానట్లే కనిపించి, తరువాత ప్రాణము తీయును. కనుక బాగుగనే యున్నాడని ఇంటివద్ద నుంచరాదు. ఇంకొక మాట. మనసు విరిగి త్రాగినవానిని దారిలో నిందింపరాదు. బ్రతికి వచ్చిన పిదప వాని బాధను వినుటకు ఒక మనిషి కావలెను.

వడదెబ్బ మూడవది. ఎండలో పనిచేయుచు తడబాటుగా మాటాడువాడు, స్పృహ తప్పువాడు, ఒళ్ళు నిప్పువలె కాలుచున్నవాడు ప్రాణాపాయములో నున్నట్లు. నీడకు చేర్చి, ఒంటిమీద ధారాళముగా నీరు పోసి, విసరుచు, చంకలలోను గజ్జలలోను తడిగుడ్డలు పెట్టవలెను. చల్లార్చుటయే చికిత్స. దారిలోను అది కొనసాగవలెను. జ్వరపు మాత్ర ఇందుకు పనికిరాదు. స్పృహలేని వాని నోటిలో నీరు పోయరాదు.

ఇక గ్రామము చేయదగిన ఏర్పాట్లు కలవు. 108 సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, పిదప ఎన్నో రాష్ట్రములకు వ్యాపించినది. ఆ పిలుపునకు రుసుము లేదు. పిలుచువారు గాభరాపడక ఊరి పేరు, మండలము, దారిలోని గుడిగాని బడిగాని గుర్తు చెప్పవలెను. ఎదుటివారు చాలుననువరకు ఫోను పెట్టివేయరాదు. ఒకరు దీపముతో రోడ్డుమీద నిలువవలెను. రాత్రివేళ తోలుటకు ఒప్పుకొను కారు యజమానుల పేర్లను, పాము మందు ఎల్లవేళల దొరకు ఆస్పత్రి పేరును, ఇ.సి.జి., సి.టి. స్కాను గల ఆస్పత్రి పేరును ముందుగనే విచారించి గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచవలెను. రోడ్డు ప్రమాదములో గాయపడిన వానిని తాకినచో కేసులో ఇరుకుకొందుమను భయము అక్కరలేదు. అట్టి సహాయకులకు రక్షణ కల్పించు మార్గదర్శకములను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమున దానికి సెక్షను కూడ చేర్చబడినది. కారుచున్న రక్తమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టుట ఏ చట్టమునకును విరుద్ధము కాదు.

రొమ్మును అదుము విధమును పుస్తకములో చదివి నేర్చుకొనుట చాలదు. ఏటికి రెండుమార్లు ఈ ఆవరణలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిని పిలిపించి, యువకులు, స్త్రీలు, బడిపిల్లలు దిండ్లమీద చేతులు పెట్టి అభ్యాసము చేయవలెను. ఊరిలో ఇరువదిమందికి ఆ పని చేతనైనచో ఏ వీధిలో ఎవరు కూలినను పరుగెత్తుకొని వచ్చుటకు ఒకరు దొరకుదురు.

మొదట చెప్పిన రైతు ఇంటికి మరల ఒకసారి పోవుదము. అదే తెల్లవారుజాము, అదే బరువు, అదే చెమట. ఈసారి ఆ ఇంటి చిన్నపిల్ల, గ్రంథాలయపు గోడమీది అక్షరములు చదివినది, "అమ్మా, ఇది గ్యాసు కాదేమో" అనును. నాలుగుంబావునకు ఫోను. అయిదు గంటలకు అంబులెన్సులో ప్రయాణము. సూర్యోదయము నాటికి వైద్యుని చేతిలో రోగి. బ్రతుకునని ఎవరును మాట ఈయలేరు. బ్రతుకుటకు గల అవకాశము మాత్రము వాని చేతికి అందినది. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరికి చదువు నేర్పిన గ్రంథాలయము రాబోవు ఇరువదియైదేండ్లలో ఆ నాలుగు గంటలను ఊరికి మిగిల్చి పెట్టగలిగినచో, దాని పుస్తకముల లెక్క ఎట్లున్నను, ఎన్నో ఇండ్లలో దీపము ఆరకుండ నుండును.